లైన్లో వాన

గిరి రోడ్డులో అప్పడాల కొట్టు పైన, మేడ మీద
టుకునా షాపు.
ఎనిమిది పెట్టెలు విప్పి గాజుబల్ల మీద పరిచాడు.
"విమానానికా మావుసీ? ఐతే ఇది చూడండి," అన్నాడు,
నా తెలుగు నాకే ఒడియా తాలింపు పెట్టి వడ్డిస్తూ.

నా చెవికివి కొత్త కాదురా అబ్బాయ్.
ఇరవై తొమ్మిదేళ్లు పెట్టుకున్నాను
బరంపురం ట్రంకు ఎక్స్ఛేంజిలో, ఒంటి చెవిది.
దాని ఇనప బద్దీ నా పాపిడి పక్కన ఇంకో పాపిడి తీసింది.
కుడిచెవి పైన ఇప్పటికీ జుట్టు మొలవని చోటు
వేలు పెట్టి చూపించాను.
వాడు నవ్వలేదు. మంచివాడే.

అది వినడానికి,
ఇది వినకుండా ఉండడానికి,
రెంటికీ ఒకటే పేరు.

మొదటిది పెట్టుకున్నాను.
కింద జనరేటర్ పోయింది. ఫ్యాను పోయింది.
ఆటోల గురక పోయింది.
ఠాకురాణి యాత్ర డప్పు మాత్రం పోలేదు,
గోడకవతల ఎవరో పిండి దంచుతున్నట్టు ఉండిపోయింది.

ఎలా చేస్తుందిరా ఇది?
"వచ్చే చప్పుడుకి ఎదురు చప్పుడు పుట్టిస్తుంది మావుసీ,
రెండూ కొట్టుకుని చస్తాయి."
మా ఇంట్లో అలా కొట్టుకున్న చప్పుళ్లు
ఏనాడూ చావలేదు.
"ఒకే తీరు మోతైతే పట్టేస్తుంది.
మనిషి గొంతు మాత్రం కొంచెం కారుతుంది."

ఆ పని నేను జీతానికి చేశాను.
సూరత్ లైనంటే వాన.
కటకం దగ్గరో జల్లు, నాగపూరు దాటాక ఇంకో జల్లు,
ఆ వానకవతల తరులతాబెన్:
"బోలో బరంపూర్!"

అక్కడ మరమగ్గాల దగ్గర గంజాం కుర్రాళ్లు,
ఇక్కడ బల్ల మీద చీటీ పట్టుకుని వాళ్ల పెళ్లాలు.
పీపీ కాలు, మూడు నిమిషాలు.
మొదటి నిమిషం ఏడుపుకి పోయేది,
రెండోది "వినబడుతోందా"కి.
మూడోది అవగానే తెంపాలి, అది రూలు.
తరులతా దగ్గేది.
దగ్గితే, ఇంకొక్క నిమిషం వదిలెయ్ అని.
వదిలేసేదాన్ని.
ఆ నిమిషాలు ఏ రిజిస్టరులోనూ లేవు.

రాత్రి డ్యూటీల్లో ఆవిడకి రాని తెలుగూ
నాకు రాని గుజరాతీ
ఇద్దరికీ సగమే వచ్చిన హిందీలో కలిపేసి
ఏం వండావు, అక్కడా వానేనా, కాళ్లు వాచాయా.
మొహం చూడలేదు. ఫోటో కూడా.
బోర్డు ఎత్తేసిన నాడు
సూరత్ ప్లగ్గు పీకింది నేనే.

మొన్న ఎవరి ద్వారానో నంబరు దొరికింది.
సెల్లులో గొంతు, కడిగిన గ్లాసులా.
ఎవరో పరాయి మనిషి.
"బోలో బరంపూర్" అంది, అయినా నమ్మకం చిక్కలేదు.
వాన లేదు మరి.

బుధవారం భువనేశ్వర్లో ఎక్కుతాను, నడుమ ఒకచోట మారి
సూరత్లో దిగుతాను.
మొదటి విమానం, చెవులు దిబ్బడేస్తాయి,
మంచివి కొనుక్కో అత్తా అని మేనకోడలి హితవు.

రెండోది చెవుల్ని వడియాల పిండిలా పిసికింది.
మూడోది మెత్తన. ధర విని దించేశాను.
నాలుగోది టుకునాయే వద్దన్నాడు.
ఐదోది పెట్టుకుంటే
ఏమీ లేదు.
అలాంటి ఏమీ లేకపోవడం
లైను తెగినప్పుడే విన్నాను ఇదివరకు,
తుఫాను రాత్రి, బోర్డు మీద ఒక్క దీపమూ వెలగని రాత్రి.
గబుక్కున తీసేశాను.

"మళ్లీ చప్పుడు రానిచ్చేది ఉందా?"
వాడు వింతగా చూశాడు.
ఆరో పెట్టె తెరిచి, ఎడమ డిప్ప మీద
వేలితో కొట్టి చూపించాడు.
ఒకసారి కొడితే మూత. మళ్లీ కొడితే తెరుపు.
నల్లది. కుట్టు కాస్త వంకర. ఏడాది గ్యారంటీ.

కొట్టాను.
జనరేటర్. ఫ్యాను. కింద అప్పడాల ఆవిడ
చిల్లర గురించి ఎవరినో తిట్టడం.
మూశాను. తెరిచాను.
దిగే ముందు కాసేపు ఇలా తెరిచి పెట్టుకుంటాను,
ఆ ఇంజను మోతలో
చెవిని పాత వానకి అలవాటు చేయడానికి.

టుకునా గడియారం చూసుకున్నాడు.
నా వెనక ఇంకో బేరం నిలబడి ఉంది.

నేను దగ్గాను.